వయొలిన్ టీచరు చెవి మిషను: రిసీవర్ మార్చుకోవచ్చు, మరి సెట్టింగులు?

విజయనగరం నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వెయ్యవద్దన్నారు. వయసు అరవై ఒకటి. ముప్పై ఏళ్లుగా ఇంట్లోనే పిల్లలకు వయొలిన్ నేర్పుతున్నారు. నాలుగేళ్ల కిందట రెండు చెవులకూ మిషన్లు పెట్టుకున్నారు. చెవి వెనక చిన్న పెట్టె, దాని నుంచి సన్నని తీగ, తీగ చివర చెవి రంధ్రంలో కూర్చునే బుల్లి స్పీకరు ఉండే రకం అవి. ఆ స్పీకరునే రిసీవర్ అంటారు. రెండు నెలల కిందట కుడివైపు శబ్దం రోజురోజుకీ తగ్గి, చివరికి ఆగిపోయింది. విశాఖపట్నంలో మిషన్లు కొన్న దుకాణానికి వెళితే, మోడల్ పాతదైంది, వారంటీ కూడా లేదు, కొత్త జత తీసుకోండి అన్నారట. జత లక్షా ఇరవై వేలు.

బెంగళూరులో ఇంజనీరుగా ఉన్న ఆమె అక్క కొడుకు ఆన్‌లైన్‌లో ఒక రిసీవర్ తెప్పించి పంపాడు. పాతదాని మీద ‘ఎం’ అని ఉంది, కొత్తదాని మీద ‘పి’ అని ఉంది. ‘పి’కి శక్తి ఎక్కువ, ఇంకా బాగా వినిపిస్తుందని అమ్మినవాళ్లు చెప్పారట. ఆమె ఫోనులో వీడియో చూస్తూ తానే మార్చుకున్నారు. శబ్దం వచ్చింది. కానీ నవ్వినా, తల తిప్పినా ఈల వేస్తోంది. వంటింట్లో గిన్నె జారిపడితే తలలో గంట కొట్టినట్టు ఉంటోందట.

అసలు బాధ అది కాదని మూడో పేజీలో రాశారు. కమాను నిలిపి షడ్జం పట్టుకుంటే స్వరం అలలాగా ఊగుతోంది. శ్రుతిపెట్టె వేస్తే పక్కన ఇంకెవరో సన్నగా పాడుతున్నట్టు ఉంటోంది. ఇది కొత్తగా వచ్చింది కాదు, మిషన్లు పెట్టుకున్న మొదటి ఏడాది నుంచీ ఉంది. ఈమధ్య ఒక అమ్మాయి మోహన రాగంలో గాంధారం కాస్త తగ్గించి వాయిస్తుంటే ఈమె పట్టుకోలేకపోయారు. పక్కన కూర్చున్న ఆ పిల్ల తల్లి పట్టుకుంది. ఆ రాత్రి నిద్ర పట్టలేదని రాశారు. మిషన్లు ఉన్న సంగతి శిష్యుల తల్లిదండ్రులెవరికీ తెలియదు, జుట్టు కిందికి దువ్వి కప్పుకుంటారు. మిషన్లు సెట్ చేసేచోట కూడా ‘నేను వయొలిన్ వాయిస్తానని చెప్పలేదు, చెబితే నవ్వుతారేమోనని’ అన్నారు.

ఇప్పుడు ఆ అబ్బాయి మిషన్లను కంప్యూటరుకు కలిపి సెట్టింగులు మార్చే ప్రోగ్రామింగ్ పరికరం కొని, దసరా సెలవుల్లో వచ్చి ‘పిన్నీ, నేనే సెట్ చేస్తాను’ అంటున్నాడు. భర్త ససేమిరా వద్దంటున్నారు. ‘మా అబ్బాయి చేత చేయించుకోవచ్చా? కొత్తవి కొనాలా? లేక పాఠం చెప్పడమే మానేయాలా?’ ఇదీ ప్రశ్న.

అమ్మా, ముందు ఆ ‘పి’ రిసీవర్ తీసేయండి. ఇదంతా చదివాక కాదు, ఇప్పుడే తీసి పక్కన పెట్టి, మిగతాది నిదానంగా చదవండి.

ఎందుకంటే, మీ మిషను చివర ‘ఎం’ స్పీకరు ఉంటుందన్న లెక్కతోనే దాన్ని సెట్ చేశారు. ఏ శబ్దాన్ని ఎంత పెంచాలి, ఎక్కడ ఆపాలి అన్నది ఆ లెక్కను బట్టే ఉంటుంది. లెక్క మార్చకుండా అంతకన్నా శక్తి ఉన్న స్పీకరు తగిలిస్తే, మిషను తాను పంపేది మామూలు శబ్దమే అనుకుంటుంది, చెవిలో పడేది మాత్రం అంతకన్నా ఎక్కువ. పైగా మీరు వాడేది చిల్లులున్న మెత్తటి డోమ్, అంటే రిసీవర్ కొసకు తొడిగే బుల్లి టోపీ, అని రాశారు. పెద్ద శబ్దం ఆ చిల్లుల్లోంచి బయటికి కారి, మళ్లీ మైకులో దూరి ఈల అవుతోంది. శక్తి ఎక్కువ ఉన్న రిసీవర్లకు సాధారణంగా చెవిని పూర్తిగా మూసే డోమో, చెవి అచ్చు తీసి చేసిన మౌల్డో కావాలి. ఈల చిరాకు పెట్టి ఊరుకుంటుంది. గిన్నె పడినప్పుడు తలలో మోగిన గంట అంతకన్నా పెద్ద విషయం, అది మీకు మిగిలి ఉన్న వినికిడికే హాని చెయ్యగలదు. 85 డెసిబెల్స్ శబ్దంలో 8 గంటలు ఉండవచ్చు అనుకుంటే, 88లో 4 గంటలే, 91లో 2 గంటలే అని వృత్తి ఆరోగ్య నిపుణుల లెక్క. మూడు డెసిబెల్స్ పెరిగేసరికి సమయం సగమైపోతుంది. శక్తి ఎక్కువైతే మంచిదే కదా అని మీకు అమ్మినవారి మీద నాకు కోపంగా ఉంది. ఇందులో మీ తప్పు ఏమీ లేదు.

ఇక ఆ పాత ‘ఎం’ రిసీవర్. దాన్ని కమానుకు రాసే రోజిన్ డబ్బాలో దాచానని రాశారు, చాలా మంచి పని చేశారు. అది నిజంగా చచ్చిపోయిందో లేదో నాకు అనుమానమే. నాలుగు పేజీల్లో ఎక్కడా ‘వాక్స్ గార్డ్’ అన్న మాట లేదు. రిసీవర్ కొసన, డోమ్ తీసేస్తే కనిపించే చోట, గసగసాల గింజంత తెల్లటి జల్లెడ ఒకటి ఉంటుంది. చెవి గులిమి స్పీకరులోకి పోకుండా ఆపేది అదే. అది మూసుకుపోతే శబ్దం మామూలుగా ఒక్కసారిగా ఆగదు, మీరు రాసినట్టే రోజురోజుకీ సన్నగిల్లి చివరికి నిలిచిపోతుంది. తీగ తెగినప్పుడు సాధారణంగా అలా ఉండదు, తల కదిపినప్పుడల్లా వస్తూ పోతూ ఉంటుంది. మా అమ్మ పదేళ్లకు పైగా మిషను పెట్టుకున్నారు. ‘పాడైపోయింది’ అని ఆవిడ పక్కన పెట్టినప్పుడల్లా నేను ముందు చూసేది ఆ జల్లెడనే. చాలాసార్లు దాంతోనే సరిపోయేది.

వాక్స్ గార్డులు చిన్న పెట్టెలో పుల్లల్లాగా వస్తాయి. మీ కంపెనీకి సరిపోయేవే తీసుకోవాలి. పగటి వెలుతురులో, బల్ల మీద తెల్లటి తువ్వాలు పరిచి కూర్చోండి. తువ్వాలు ఎందుకంటే జారిపడిన చిన్న ముక్క దొర్లిపోకుండా ఉంటుంది. డోమ్ లాగి తీయండి. పుల్లకు ఒక కొసన ఖాళీ ములుకు ఉంటుంది, రెండో కొసన కొత్త జల్లెడ ఉంటుంది. ఖాళీ ములుకును పాత జల్లెడలో గుచ్చి నిటారుగా లాగితే అది ఊడి వస్తుంది. పుల్ల తిప్పి కొత్తది నొక్కి, పుల్లను వెనక్కి తీయండి. డోమ్ తిరిగి పెట్టాక గట్టిగా లాగి చూడండి. వదులుగా ఉంటే అది చెవిలోనే ఉండిపోయి డాక్టరు తీయవలసి వస్తుంది. తరవాత రిసీవర్‌ను మిషనుకు తగిలించి, ఆన్ చేసి, గుప్పిట్లో మూసి పట్టుకోండి. ఈల వినిపిస్తే అది బతికే ఉంది. మీకు వినబడకపోవచ్చు, మీవారిని వినమనండి.

అప్పటికీ మూగగా ఉంటే రిసీవర్ పోయినట్టే. అప్పుడు కొత్తది కొనవలసిందే, కానీ అదే కంపెనీది, మీ మోడల్‌కు సరిపోయేది, ‘ఎం’, కుడి చెవిది, పాతదాని మీద ఉన్న తీగ పొడవు అంకెతో సహా అదే. కుడికి ఎర్ర గుర్తు, ఎడమకు నీలం గుర్తు. తీగ పొడవు తప్పితే మిషను చెవి మీద లేచి నిలబడుతుంది, లేదా స్పీకరు చెవి గోడకు గుచ్చుకుంటుంది. అన్నీ సరిపోయిన రిసీవర్ పెడితే సాధారణంగా సెట్టింగులు ముట్టుకోనక్కరలేదు. చెమట, గులిమి, తేమ అన్నీ ముందు తగిలేది దానికే కాబట్టి, విడదీసి మార్చుకునేలాగే తయారుచేస్తారు. కొన్ని మోడళ్లలో చిన్న పిన్ను తోసి తీయాలి, కొన్నిటిలో నేరుగా లాగాలి. మీ మోడల్‌ది ఏదో తెలుసుకుని చేయండి, బలవంతం చేయకండి. ‘లక్ష రూపాయల వస్తువు, చెయ్యి పెట్టకు’ అని మీవారు అంటున్నారు, ఆయన జాగ్రత్త నాకు అర్థమవుతోంది. రిసీవర్ వరకూ ఆ భయం అక్కరలేదు. వయొలిన్ తీగ తెగితే మీరే వేసుకుంటారు కదా, ఇదీ అటువంటిదే.

సరైన రిసీవర్ పెట్టినా కుడివైపు మందంగానే ఉంటే అనుమానించవలసింది మిషనును కాదు, చెవిని. గులిమి అడ్డుపడి ఉండవచ్చు, వినికిడి ఇంకాస్త తగ్గి ఉండవచ్చు. ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి. విశాఖలో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రే ఉంది. ఇంకొక మాట, ఇది అందరికీ పనికొస్తుంది: ఎప్పుడైనా ఒక చెవి ఒకటి రెండు రోజుల్లో హఠాత్తుగా మూసుకుపోతే, మిషను విప్పి చూస్తూ కూర్చోకుండా ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. దానికి మందు త్వరగా పడితేనే పని చేస్తుంది.

ఇప్పుడు మీ మూడో పేజీకి వస్తాను.

మీరు వయొలిన్ వాయిస్తారని మిషను సెట్ చేసినవారికి ఎవరూ చెప్పలేదు. నాలుగేళ్లుగా వారు సరిచేస్తున్నది మాటను. వయసుతో వచ్చే వినికిడి లోపంలో ముందు పోయేవి సన్నని, పై శబ్దాలు. అంటే స, ష, త, ప, క లాంటి హల్లులు. ‘పప్పు’ అంటే ‘కప్పు’ అని వినబడుతుంది. అందుకని మిషను ఆ హల్లులను ఎత్తి చూపిస్తుంది, ఒకే తీరుగా సాగే శబ్దాన్ని ఫ్యాను హోరు అనుకుని తగ్గిస్తుంది, నిలకడగా మోగే ఒంటి స్వరాన్ని ఈల అనుకుని చెరపబోతుంది. మీ కమాను కింద నిలిచిన షడ్జం ఆ యంత్రానికి ఈలలాగే కనబడుతుంది! దాన్ని రద్దు చేయబోయి తనదొక దొంగ స్వరం కలుపుతుంది. మీకు వినిపిస్తున్న అల, శ్రుతిపెట్టె పక్కన పాడుతున్న ఆ ‘ఇంకెవరో’ చాలావరకు ఇదే అయి ఉండాలి. ఇది మిషన్లలో తరచు కనబడే లోపమే, తగ్గించే మార్గాలూ ఉన్నాయి. మీరు మాత్రం నాలుగేళ్లుగా అది మీ చెవిలో లోపమని, మీ విద్యలో లోపమని మోసుకుని తిరుగుతున్నారు. అది చదివినప్పుడు నాకు చాలా బాధ కలిగింది.

అయినా నా మాట మీదే నమ్మకం పెట్టుకోకుండా ఇంట్లో ఒక పూట పరీక్షించి చూడండి. ఒకటి, మిషన్లు రెండూ తీసేసి అదే షడ్జం వాయించండి. ఊగకుండా నిలబడితే దోషం యంత్రానిది. రెండు, మిషన్లు లేకుండానే ఒక్కొక్క చెవి మూసుకుని ఒకే తీగను వినండి. ఒక చెవికి ఒక శ్రుతి, రెండో చెవికి వేరే శ్రుతి వినబడితే మాత్రం అది లోపలి చెవికి సంబంధించినది. ఏ సెట్టింగూ దాన్ని పూర్తిగా సరిచెయ్యదు, ఆ సంగతి ఆడియాలజిస్టుకు, అంటే వినికిడి పరీక్షించి మిషన్లు సెట్ చేసే నిపుణులకు, తప్పక చెప్పండి. మూడు, మిషన్లు పెట్టుకుని, ఫోనుతో మిషన్ల వాల్యూము తగ్గించి వాయించండి. తగ్గించినా తారస్థాయిలో శబ్దం చిట్లిపోతుంటే, వయొలిన్ శబ్దం మైకు దగ్గరే పట్టకుండా విరిగిపోతోందని అనుమానించాలి. అలా విరిగిన శబ్దాన్ని తరవాత ఏ సాఫ్ట్‌వేరూ అతకలేదు. మైకు రంధ్రాల మీద పలుచని టేపు ముక్క అంటించి వాయించి చూడండి. లోపలికి వెళ్లే శబ్దం కొంత తగ్గి, స్వరం శుభ్రపడితే కారణం తెలిసిపోయినట్టే. వాయించడం అయ్యాక టేపు తీసేయడం మరచిపోకండి.

ఈ ఫలితాలు కాగితం మీద రాసుకోండి. ఇవి చేతిలో ఉంటే మీ దారులన్నీ సులువవుతాయి.

మొదటి దారి, ఆడియాలజిస్టు దగ్గరికి వయొలిన్ తీసుకుని వెళ్లడం. పాత దుకాణమే కానక్కరలేదు. అదే కంపెనీ మిషన్లు చూసే మరొకరైనా ఫరవాలేదు, రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదైనవారా అని అడగండి. ‘మాటకు ఉన్న సెట్టింగు అలాగే ఉంచి, సంగీతానికి విడిగా ఒక ప్రోగ్రాం పెట్టండి. అందులో ఈల అణచడం వీలైనంత తగ్గించండి, హోరు తగ్గించడం తీసేయండి, పై శబ్దాలను కిందికి దించేది ఏదైనా ఉంటే అది కూడా తీసేయండి’ అని ఈ మాటలతోనే అడగండి. ఆ చివరిది ముఖ్యం. వినబడని పై శబ్దాలను వినబడే చోటికి దించే ఏర్పాటు కొన్ని మిషన్లలో ఉంటుంది. ‘స’ అన్న హల్లుకు అది మేలు చేస్తుంది, ‘స’ అన్న స్వరానికి కీడు చేస్తుంది. అక్కడే కూర్చుని వాయించి, వినిపించి, మార్పించుకోండి. ఖర్చు ఉంటుంది, విశాఖకు రెండు మూడుసార్లు తిరగాలి. ఈల అణచడం తగ్గిస్తే అప్పుడప్పుడు ఈల వచ్చే అవకాశం కూడా ఉంటుంది, దానికి సిద్ధపడాలి.

రెండో దారి మీ అక్క కొడుకు. ఆ అబ్బాయి ప్రేమను నేను తీసిపారెయ్యను. తమ మిషన్లు తామే సెట్ చేసుకునేవారు ఇతర దేశాల్లో చాలామందే ఉన్నారు. నోవాలింక్ వైర్‌లెస్ వంటి పరికరం, ఆ కంపెనీ సాఫ్ట్‌వేరు ఉంటే ఇంజనీరుకు ఆ తెరలు అర్థంకానివి కావు. కానీ ఆ సాఫ్ట్‌వేర్లు నిపుణుల కోసం ఇచ్చేవి, వాటిలో ఏ మీట మీ చెవికి ఏం చేస్తుందో చెప్పేవారు పక్కన ఉండరు. సాఫ్ట్‌వేరు మీ ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష పటం) చూసి, ఒక సగటు చెవిని ఊహించుకుని శబ్దం లెక్కగడుతుంది. మీ చెవి గొట్టం ఆ సగటు కన్నా ఇరుకో, వెడల్పో. నిజంగా కర్ణభేరి దగ్గర ఎంత శబ్దం పడుతోందో సన్నని గొట్టం పెట్టి కొలిచే పరీక్ష ఇంట్లో సాధ్యం కాదు. పైగా మీ ఆడియోగ్రామ్ నాలుగేళ్ల నాటిది.

అబ్బాయి చేతనే చేయించుకుంటానంటే, ముందు కొత్త ఆడియోగ్రామ్ తీయించండి. మిషనులో ఇప్పుడున్న సెట్టింగును మొదట చదివి, భద్రపరచి, దాని కాపీ ఇంకొక చోట కూడా ఉంచమనండి. మాట కోసం ఉన్న ప్రోగ్రాం జోలికి వెళ్లవద్దనండి, సంగీతానికి కొత్తది మాత్రమే చేర్చమనండి. ఒకసారికి ఒకటే మార్పు, దానితో రెండు రోజులు వినాలి. గరిష్ఠ శబ్దం ఎంత అన్న గీత ఒకటి ఉంటుంది. దాన్ని ఒక్క డెసిబెల్ కూడా పైకి జరపనని మాట తీసుకోండి. వయొలిన్ వాయించే చెవికి అదే రక్షణ. ఇన్నీ ఒప్పుకుంటే మీవారు కూడా కొంత మెత్తబడవచ్చు. ఆయన భయపడుతున్నది కూడా ఇలాంటి తిరిగిరాని నష్టానికే. మిషను వేరేవారు తెరవకుండా అమ్మినవారే తాళం వేసి ఉండే వీలుంది, ఈ సంగతి ఆ పరికరం కొనకముందే కనుక్కోమనండి.

మూడో దారికి పైసా ఖర్చు లేదు. వాయించేటప్పుడు మిషన్లు తీసేయండి. వయొలిన్ మీ ఛాతీకి ఆని, మీ చెవికి దగ్గరలోనే మోగుతుంది. ఓ మోస్తరు లోపం ఉన్నవారికి అది యంత్రం లేకుండానే వినబడుతుంది. నష్టమల్లా, మధ్యలో పిల్లలు మాట్లాడితే అందదు. పాఠం ఆపి, పెట్టుకుని, మాట్లాడి, మళ్లీ తీయాలి. అలా చేస్తే మిషన్లు ఉన్న సంగతి దాగదు.

కొత్త జత కొనడం ఇప్పటికి చివర పెట్టండి. మైకు దగ్గరే శబ్దం విరుగుతోందని టేపు పరీక్షలో తేలితే, అప్పుడు కొత్తది కొనడానికి అర్థం ఉంటుంది. ఎక్కువ శబ్దాన్ని విరగకుండా తీసుకునే మిషన్లు ఇప్పుడు ఉన్నాయి. అప్పుడైనా వయొలిన్‌తో వెళ్లి, వాయించి చూసి, వెనక్కి ఇచ్చే గడువు ఎంతో రాయించుకున్నాకే డబ్బు కట్టండి.

పాఠం మానేయాలా అని అడిగారు. నేను అలా అనుకోవడం లేదు, కానీ దాచడం మాత్రం మానేయమని బతిమాలుతున్నాను. ద్వారం వెంకటస్వామి నాయుడుగారికి చూపు బాగా తక్కువ. 1919లో మీ ఊళ్లో సంగీత కళాశాల పెట్టినప్పుడు వయొలిన్ ఆచార్యులుగా చేరారు, 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు. చూపు సంగతి తెలిసే శిష్యులు ఆయన దగ్గర నేర్చుకున్నారు. మీ ఊరికి ఇది కొత్త కాదు. చెబితే ఒకరిద్దరు పిల్లలు మానేస్తారేమో, మానరని నేను హామీ ఇవ్వలేను. చెప్పకపోతే మాత్రం మరో తల్లి మరో గాంధారాన్ని పట్టుకుంటుంది. అప్పుడు ఆవిడ మీ చెవిని కాదు, మీ పాటవాన్ని అనుమానిస్తుంది. అందరికీ ఒకేసారి చెప్పనక్కరలేదు. ఆ ఒక్క తల్లికి చెప్పండి.

వాక్స్ గార్డు మార్చి, ‘ఎం’ పెట్టుకున్న రోజున మీవారిని రెండు గజాల దూరంలో, మీ వెనక నిలబెట్టి ఆ, ఈ, ఊ, మ్, ష్, స్ అని మామూలు గొంతుతో ఒక్కొక్కటే, వరస మార్చి అనమనండి. మీరు తిరిగి అనండి. ఆడియాలజిస్టులు కూడా వాడే పరీక్ష ఇది. ఆరింటిలో ఏది జారిపోతే అది ఆ కాగితం మీద రాసుకోండి. తరవాత వచ్చే పాఠానికి ఆ అమ్మాయిని పిలిచి, మిషన్లు తీసి బల్ల మీద పెట్టి, పక్కనే దగ్గరగా కూర్చుని మోహన మళ్లీ వాయించమనండి.